పాత ఉక్కు, కొత్త పాలిమర్, మధ్యలో 200 డాలర్లు

అమెరికాలో టెక్సాస్ నుంచి, డాలస్ దగ్గర ఉంటున్న ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి మిగతాది చెబుతున్నాను.

ఆయనకు 41 ఏళ్ళు. భార్యాభర్తలిద్దరికీ గ్రీన్ కార్డు ఉంది. పాపకు 9 ఏళ్ళు, బాబుకు 4. ఇద్దరు మిత్రులతో కలిసి గ్యాస్ స్టేషన్ స్టోర్ నడుపుతున్నారు. రెండేళ్ళ కిందట ఒక రాత్రి ముసుగు వేసుకున్నవాడు లోపలికొచ్చి, కౌంటర్ మీద తుపాకి ఆనించి, గల్లాపెట్టెలో ఉన్నదంతా ఊడ్చుకుపోయాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. "కానీ అప్పట్నుంచి తలుపు గంట మోగితే చాలు, అరచేతులకు చెమటలు పడుతున్నాయి" అని రాశారు. ఆర్నెల్లు బతిమాలి భార్యను ఒప్పించి, పాలిమర్ (గట్టి ప్లాస్టిక్ జాతి) ఫ్రేమ్, అంటే పిడితో కలిసిన కింది భాగం, ఉన్న 9 ఎంఎం కాంపాక్ట్ పిస్టల్ కొన్నారు.

పక్కింట్లో డెబ్భై దాటిన అమెరికన్ పెద్దాయన, ఆర్మీలో చేసి రిటైరైనవారు ఉన్నారు. ఆయనే రేంజ్‌కి తీసుకెళ్ళి కాల్చడం నేర్పారు. ఒకరోజు తన దగ్గరున్న పాత ఉక్కు పిస్టల్ చేతిలో పెట్టారు. 1911 మోడల్, .45 (తూటా సైజు, అంగుళాల్లో). ఏడు గజాల దూరంలో ఏడు రౌండ్లు కాలిస్తే ఏడూ అరచెయ్యంత చోటులో పడ్డాయట. అదే రోజు సొంత పిస్టల్‌తో కాలిస్తే చాలావరకు కిందకీ ఎడమకీ పోయాయి. "నాది పట్టుకుంటే పిల్లల బొమ్మలా ఉంది. ఆయనది పట్టుకుంటే ధైర్యం వస్తోంది" అంటారు.

ఇప్పుడు ఆ పెద్దాయన ఇల్లు అమ్మేసి ఫ్లోరిడాలో కూతురి దగ్గరకు వెళ్ళిపోతున్నారు. పిస్టల్ 700 డాలర్లకు ఇస్తానన్నారు. మన పాఠకుడు 200 అడ్వాన్స్ ఇచ్చేశారు, ఇంట్లో చెప్పకుండా. మాటల్లో కదిపి చూస్తే ఆవిడ "ఒకటే ఎక్కువైంది, రెండోదా?" అన్నారట. స్టోర్ పార్ట్‌నర్లలో ఒకరు "అది తాతల నాటి ఇనుము, మ్యూజియంలో పెట్టుకో" అని వెక్కిరిస్తే, ఇంకొకరు "ప్రాణం మీదకొస్తే ప్లాస్టిక్‌ని నమ్ముకుంటావా" అంటున్నారు. ఉత్తరం చివర, సంతకానికి ముందు, రెండు లైన్లు: ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చి ఇప్పుడు ఓపీటీలో (చదువయ్యాక అదే వీసా మీద చేసే ఉద్యోగంలో) ఉన్న బావమరిది వాళ్ళింట్లోనే ఉంటున్నాడు, రేంజ్‌కి తీసుకెళ్ళమని రోజూ అడుగుతున్నాడు. "పాతది తీసుకుని కొత్తది అమ్మేయనా? రెండూ ఉంచుకోనా? అసలు రెండూ వద్దా? మీరు పోలీసు ఆయుధాగారంలో పనిచేసినవారు. నాకు నిద్ర పట్టడం లేదు, ఏదో ఒకటి చెప్పండి."

*

మీరు ఆఖర్న రెండు లైన్లలో తేల్చేసిన సంగతితోనే మొదలుపెడతాను. ఉత్తరం మొత్తంలో నాకు గుండె ఝల్లుమన్నది అక్కడే.

మీ బావమరిదిని రేంజ్‌కి తీసుకెళ్ళకండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, విజిటర్ లాంటి నాన్ ఇమిగ్రంట్ (తాత్కాలిక) వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. కొనకపోతే చాలు అనుకుంటారు మనవాళ్ళు. కాదు. రేంజ్‌లో గంటసేపు అద్దెకు తీసుకుని కాల్చినా అది పెట్టుకున్నట్టే లెక్క. తెలిసి చేతికిచ్చినవాడిదీ నేరమే, అంటే మీది. 2022లో చట్టం మార్చాక శిక్ష 15 ఏళ్ళ దాకా ఉంది. జైలు సంగతి అలా ఉంచండి, తుపాకి కేసులో దోషిగా తేలితే ఇమిగ్రేషన్‌లో దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే సరిపోతుంది. మీ గ్రీన్ కార్డుకూ ఆ గండం ఉంది.

వేట లైసెన్సు తీసుకుంటే మినహాయింపు ఉందని రేంజ్ కౌంటర్ దగ్గర ఎవరో ఒకరు చెబుతారు. చట్టంలో అలాంటి మినహాయింపు ఉన్నమాట నిజమే. అది మీ బావమరిదికి వర్తిస్తుందా లేదా అన్నది ఇమిగ్రేషన్ లాయరు కాగితం చూసి చెప్పాలి. కౌంటర్ దగ్గరి కుర్రాడు కాదు, నేనూ కాదు.

నా సంగతే చూడండి. ముప్పై ఏళ్ళు తుపాకుల నూనె వాసనతోనే అన్నం తిన్నవాణ్ణి. మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు అల్లుడు సరదాగా రేంజ్ చూపిస్తానని తీసుకెళ్ళాడు. నాది విజిటర్ వీసా. గాజు గోడ ఇవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూశాను. అవతల పదిహేడేళ్ళ పిల్ల టకటకా కాలుస్తోంది. చెయ్యి దురద పెట్టలేదంటే అబద్ధమే అవుతుంది. ఐనా కుర్చీలోంచి లేవలేదు.

ఇంట్లో కూడా ఒక జాగ్రత్త. మీ పిస్టల్ ఉన్న సేఫ్ నంబరు అతనికి తెలియకూడదు. తాళంచెవి వంటింట్లో మేకుకు వేలాడకూడదు. కావాలన్నప్పుడు తీసుకోగలిగితే అది అతని స్వాధీనంలో ఉన్నట్టేనని వాదించే వీలు ఉంటుంది. ఈ ముక్క అతనికి మీరే విడమరిచి చెప్పండి. చిన్నబుచ్చుకుంటాడు, ఫరవాలేదు.

ఇక అసలు ప్రశ్న, ఉక్కా పాలిమరా అన్నది.

మీ టార్గెట్ కాగితం సంగతి మీరు అలవోకగా రాసేశారు గానీ నాకు అందులోనే సగం జవాబు కనిపించింది. మీరు కుడిచేతి వాటమని రాశారు. కుడిచేతి వాటం వాళ్ళ దెబ్బలు కిందకీ ఎడమకీ పోతున్నాయంటే ట్రిగ్గర్‌ని నొక్కడం లేదు, గుంజుతున్నారు. పేలుతుందన్న క్షణంలో వేళ్ళన్నీ ఒక్కసారి బిగుసుకుంటాయి, మూతి దిగిపోతుంది. మా రిక్రూట్లు నూటికి తొంభై మంది చేసేది ఇదే. ఇందులో పాలిమర్ తప్పు లేదు.

మరి అదే వేలితో పాత పిస్టల్ ఎందుకు బాగా కొట్టింది? బరువుకి తన్ను (పేలినప్పుడు చేతిని వెనక్కి తోసే దెబ్బ) తగ్గింది కాబట్టి అని మీరు రాశారు. అది సగమే నిజం. ఒకే తూటా అయితే బరువైన తుపాకి తక్కువ తంతుంది, ఒప్పుకుంటాను. కానీ మీరు కాల్చింది ఒకే తూటా కాదు. .45 బుల్లెట్ మామూలుగా 15 గ్రాములు, మీ 9 ఎంఎం బుల్లెట్ దాదాపు అందులో సగం. 9 ఎంఎం వేగం ఎక్కువే అనుకున్నా, మొత్తం తన్ను లెక్క కడితే పెద్దాయన పిస్టల్ మీదానికంటే తక్కువేమీ తన్నదు. కాకపోతే .45 అరచేత్తో నెట్టినట్టుంటుంది, 9 ఎంఎం చేత్తో చరిచినట్టుంటుంది.

అసలు మాయ ట్రిగ్గర్‌లో ఉంది. 1911 ట్రిగ్గర్ కీలు మీద ఊగదు, సొరుగులా నేరుగా వెనక్కి జరుగుతుంది. హామర్ (వెనకనుండే సుత్తి) ముందే వెనక్కి లాగి ఉంటుంది, ట్రిగ్గర్ చేయాల్సిన పని దాన్ని వదిలేయడమే. రెండు కిలోల బలం, అదీ ఆవగింజంత దూరం. మీదగ్గరున్నది స్ట్రైకర్ రకమే (సుత్తి లేకుండా లోపలి పిన్నే దూసుకెళ్ళి తూటాని కొట్టేది) అనుకుంటున్నాను, కంపెనీ పేరు రాయలేదు కాబట్టి. వాటిలో ట్రిగ్గర్ నొక్కుతూ లోపలి స్ట్రైకర్‌ని కూడా కొంత వెనక్కి లాగాల్సిన రకాలు ఎక్కువ. రెండున్నర కిలోల దాకా బలం, దూరం కూడా ఎక్కువ. ఇప్పుడు తుపాకి బరువు పక్కన పెట్టి చూడండి. 1911 ఖాళీగా 1,100 గ్రాములు. మీలాంటి పాలిమర్ కాంపాక్ట్ 600 చిల్లర. అంటే 600 గ్రాముల వస్తువు మీద రెండున్నర కిలోల బలం పెడుతున్నారు. వేలు ఏమాత్రం పక్కకు లాగినా తుపాకి మొత్తం పక్కకు పోతుంది. బరువైన పిస్టల్ మీ తప్పును మోసింది. తేలికది మీ తప్పును చూపించింది.

అందుకే మా కాలంలో ఏ పిస్టల్ ఇచ్చినా ముందు నెల రోజులు ఖాళీ పిస్టలే. ముందు సైట్ మీద పావలా బిళ్ళ నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కాలి, బిళ్ళ పడకూడదు. మీరూ చేయండి. తూటాలు వేరే గదిలో పెట్టి తలుపు వేసి, చాంబర్ (బ్యారెల్ మొదట్లో తూటా కూర్చునే అర) కంటితోనూ చిటికెన వేలితోనూ చూసుకుని, కట్టుదిట్టమైన గోడ వైపు తిరిగి రోజుకు పది నిమిషాలు. ఆరు వారాల తర్వాత మీ పాలిమర్‌తోనే మళ్ళీ ఏడు గజాల్లో కాల్చి చూడండి. నా అంచనా తప్పయితే ఇంకో ఉత్తరం రాయండి, వేస్తాను.

పార్ట్‌నర్ల వెక్కిరింతల గురించి. ఇద్దరూ తప్పే, ఇద్దరిలోనూ కాస్త నిజం ఉంది.

తాతల నాటిదన్న మాట ఒప్పే. జాన్ బ్రౌనింగ్ తయారుచేసిన ఆ పిస్టల్‌ని అమెరికా సైన్యం 1911లో తీసుకుంది, పేరులోనే ఏడాది ఉంది. 1985లో ఇటలీ బెరెట్టా వచ్చేదాకా అదే వాళ్ళ ప్రధాన పిస్టల్. పాతదైనంత మాత్రాన పనికిరానిది కాదు. అదే బ్రౌనింగ్ మొదలుపెట్టి వదిలివెళ్ళిన ఇంకో డిజైన్‌ని ఆయన పోయాక బెల్జియంలో పూర్తిచేశారు, హై పవర్ అని. మన ఈషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎంఎం పిస్టల్ దాని నమూనాయే. నా ఉద్యోగమంతా దానితోనే గడిచింది. నేను విశాఖలో ఉన్నప్పుడు వర్షాకాలం వస్తే మాకు కంటి మీద కునుకు ఉండేది కాదు. సముద్రపు గాలి, కానిస్టేబుళ్ళ చెమట. సాయంత్రం తుడిచి బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాల గదిలో) పెట్టిన పిస్టల్‌కి మూడో రోజు పొద్దున స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జారే భాగం) అంచున పసుపు పొడి చల్లినట్టు తుప్పు. చొక్కా కింద ఒంటికి ఆనుకునే వైపే ఎక్కువ పట్టేది. ఫ్లానెలెట్ గుడ్డ నూనెలో ముంచి గంటలకు గంటలు రుద్దేవాళ్ళం. ఒకాయన పిస్టల్ చూస్తే ఆయన ఏ చేతి వాటమో, చెమట ఎంత పడుతుందో చెప్పగలిగేవాణ్ణి. ఉక్కుతో కాపురం అంటే అది. మీరు రోజుకు పన్నెండు గంటలు స్టోర్‌లో నిలబడే మనిషి, టెక్సాస్ ఎండలో.

"ప్లాస్టిక్" అన్నాయనకు చెప్పండి, అది మగ్గు, బకెట్టు ప్లాస్టిక్ కాదు. నైలాన్ జాతి గట్టి పాలిమర్. అదైనా ఫ్రేమ్ ఒక్కటే. పేలుడు వత్తిడి పడేది బ్యారెల్ మీద, స్లైడ్ మీద, రెండూ ఉక్కువే. స్లైడ్ జారే పట్టాలు కూడా ఉక్కు ముక్కలే, పాలిమర్‌లో పోతపోసి ఉంటాయి. ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేలో కనపడదన్నది ఉత్త పుకారు, బరువులో అధిక భాగం ఉక్కే అయినప్పుడు కనపడకపోవడమేమిటి? జర్మనీలో హెక్లర్ అండ్ కోక్ వాళ్ళు 1970లోనే పాలిమర్ పిస్టల్ చేశారు, అది పెద్దగా నడవలేదు. ఆస్ట్రియాలో గాస్టన్ గ్లాక్ అనే ఆయన కర్టెన్ రాడ్లు, కత్తులు తయారుచేసుకునేవాడు, అంతకుముందు పిస్టల్ చేసి ఎరగడు. ఆయన చేసిన పిస్టల్‌ని 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకుంది. పాత పద్ధతులు తెలియకపోవడమే ఆయనకు కలిసొచ్చిందని నా అభిప్రాయం. తుప్పు పట్టని ఫ్రేమ్, తక్కువ భాగాలు, 17 రౌండ్ల మ్యాగజైన్. మన ఎన్‌ఎస్‌జీ కమాండోల చేతుల్లోనూ గ్లాకే కనిపిస్తుంది. అమెరికా సైన్యం కూడా 2017లో బెరెట్టాను పక్కనపెట్టి సిగ్ సావర్ పాలిమర్ పిస్టల్ ఎంచుకుంది. కాబట్టి ప్రాణం మీదకొస్తే ప్లాస్టిక్‌ని నమ్ముకుంటున్నవాళ్ళు లోకంలో తక్కువేమీ లేరు.

ఇక్కడ మీరు మరిచిపోయిన మూడో రకం ఒకటుంది. లోహం అనగానే ఉక్కే కానక్కర్లేదు. బెరెట్టా 92 ఫ్రేమ్ అల్యూమినియంది, ఖాళీగా 950 గ్రాములు. చెక్ దేశపు సీజెడ్ 75 ఫ్రేమ్ ఉక్కుది. రెండూ 9 ఎంఎం. ఈమధ్య కొన్ని కంపెనీలు కొత్తరకం స్ట్రైకర్ పిస్టళ్ళనే మళ్ళీ లోహపు ఫ్రేమ్‌తో చేస్తున్నాయి, పోటీల్లో కాల్చేవాళ్ళు బరువు కావాలని అడిగి మరీ కొంటున్నారు. కాలం గుండ్రంగా తిరుగుతుందనుకుంటా.

పెద్దాయన పిస్టల్ కొనాలనే అనుకుంటే ముందు తెలుసుకోవాల్సింది అది ఎప్పటిదన్నది. కోల్ట్ కంపెనీ 1983లో సిరీస్ 80 అని తెచ్చింది, అందులో ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే తప్ప ఫైరింగ్ పిన్ కదలకుండా అడ్డు ఉంటుంది. అంతకుముందు వాటిలో చాలావరకు అది లేదు. చాంబర్‌లో రౌండ్ ఉండగా మూతి కిందకు పెట్టి గట్టి నేల మీద పడితే పేలే ప్రమాదం ఉంది. 1911ను నిండుగా పెట్టుకునేవాళ్ళు హామర్ వెనక్కి లాగి, బొటనవేలి సేఫ్టీ పైకి నెట్టి పెట్టుకుంటారు. చూసేవాళ్ళకి గుండె జారుతుంది గానీ దాని పద్ధతి అదే. మీ పాలిమర్‌కి బహుశా బొటనవేలి సేఫ్టీ ఉండదు, ట్రిగ్గర్ మధ్యలో చిన్న మీట, లోపల కింద పడితే పేలకుండా అడ్డులు, అంతే. ఆ మీట వస్తువులు తగిలి పేలకుండా ఆపుతుంది. నాలుగేళ్ళ పిల్లాడి వేలిని ఆపదు. వాళ్ళు చూపుడు వేలితో నొక్కరు, తుపాకి తిప్పి పట్టుకుని రెండు బొటనవేళ్ళతో నొక్కుతారు. మూతి వాళ్ళ వైపే ఉంటుంది. మీకు భయం పుట్టించాలనే రాస్తున్నాను.

ఇంకో తేడా. 1911ను శుభ్రం చేయడానికి విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కక్కర్లేదు. గ్లాక్ తరహా వాటిలో చాలావాటికి విప్పేముందు ట్రిగ్గర్ నొక్కాలి. ఖాళీ అని నమ్మి నొక్కుతాం. మా ఆయుధాగారం ముందు ఇసుక పెట్టె ఉండేది, డ్యూటీ దిగినవాళ్ళు మూతి అందులో పెట్టి పిస్టల్ ఖాళీ చేయాలి. ఒక సాయంత్రం ఒక కుర్రాడు ముందు స్లైడ్ లాగాడు, రౌండ్ ఎగిరి కింద పడింది. ఆ తర్వాత మ్యాగజైన్ తీశాడు. వరస తప్పింది. స్లైడ్ ముందుకెళ్ళేటప్పుడే మ్యాగజైన్‌లోంచి ఇంకోటి చాంబర్‌లోకి ఎక్కించుకుపోయింది. వాడు కింద పడ్డ రౌండ్ ఏరుకుని జేబులో వేసుకుని, ఖాళీ మ్యాగజైన్ పెట్టి, హామర్ దించడానికి ట్రిగ్గర్ నొక్కాడు. ఇసుక లేచి నా బూట్ల మీద పడింది. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. ముందు మ్యాగజైన్, తర్వాత స్లైడ్, తర్వాత కళ్ళు, తర్వాత వేలు. ఉక్కయినా పాలిమరైనా ఈ వరస మారదు.

సరే, మీ ముందున్న దారులు చూద్దాం.

పెద్దాయన పిస్టల్ వదిలేసి, ఉన్నదానితోనే ఆరు వారాలు సాధన చేసి, సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఒక క్లాసు తీసుకోవడం ఒకటి. ఖర్చు తక్కువ. ఇంట్లో గొడవ తగ్గుతుంది. కాకపోతే ఆయన వెళ్ళిపోయాక ఆ పిస్టల్ మీద మనసు పీకుతూనే ఉంటుంది. పీకితే పీకనివ్వండి, అలాంటివి పాతవి మార్కెట్లో ఇంకా దొరుకుతాయి.

రెండోది, రెండూ ఉంచుకోవడం. పాతది రేంజ్‌కి మాత్రమే, కొత్తది స్టోర్‌కి. చాలామంది చేసేది ఇదే, తప్పేమీ లేదు. చిక్కేమిటంటే ఒకదానికి బొటనవేలితో సేఫ్టీ దించాలి, ఇంకోదానికి అక్కర్లేదు. రేంజ్‌లో ఒకదానికి అలవాటుపడ్డ చెయ్యి గాభరాలో ఇంకోదాని మీద ఏం చేస్తుందో చెప్పలేం. తూటాలు రెండు రకాలు, .45 ఖరీదు కూడా ఎక్కువ. మీ ఆవిడ అన్న "రెండోదా?" అన్న మాట ఇక్కడ వస్తుంది.

కొత్తది అమ్మేసి పాతది ఒక్కటే ఉంచుకోవడం నాకు నచ్చని దారి. నిండుగా 1,300 గ్రాములు నడుముకి వేలాడదీసి పన్నెండు గంటలు నిలబడితే రెండో వారానికి దాన్ని తీసి కౌంటర్ కింద సొరుగులో పెడతారు. సొరుగులో పెట్టిన తుపాకి ఎవరు ముందు తీస్తే వాళ్ళది. పైగా ఎప్పటిదో తెలియని స్ప్రింగులు.

మీకు నిజంగా కావలసింది బరువే అయితే, పాలిమర్ ఇచ్చేసి లోహపు ఫ్రేమ్ ఉన్న 9 ఎంఎం ఒకటే తీసుకోండి. ఇంట్లో సంఖ్య పెరగదు, తూటా మారదు. కొనేముందు రేంజ్‌లో అద్దెకు తీసుకుని మూడు నాలుగు రకాలు కాల్చి చూడండి, మీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. మీ ఆవిడ కూడా ఒకసారి కాల్చి చూస్తానంటే తీసుకెళ్ళండి. ఒక్క హెచ్చరిక: బెరెట్టా లాంటివాటిలో మొదటి నొక్కు చాలా బరువు, రెండోది తేలిక. మీ వేలికి అదింకో పాఠం.

ఆఖరి దారి స్టోర్‌లో తుపాకే వద్దనుకోవడం. పోలీసు శాఖలో ముప్పై ఏళ్ళు చేసినవాడు ఈ మాట అంటున్నాడేమిటని నవ్వకండి. ఆ రాత్రి వాడు తుపాకి కౌంటర్ మీద ఆనించే వచ్చాడు. మీ నడుముకి పిస్టల్ ఉండి మీరు చెయ్యి కిందకు దించి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. గల్లాలో వంద డాలర్లకు మించి ఉంచకుండా మిగతాది ఎప్పటికప్పుడు డ్రాప్ సేఫ్‌లో (డబ్బు వేయడమే గానీ కౌంటర్ దగ్గరవాళ్ళు తీయలేని పెట్టెలో) వేయడం, ఆ సంగతి అద్దం మీద పెద్దక్షరాలతో రాయడం, రాత్రి షిఫ్టులో ఇద్దరు ఉండటం, పంపుల దగ్గర లైట్లు పెంచడం. ఇవి ముందు చేయండి, తర్వాత కూడా పిస్టల్ కావాలనిపిస్తే పెట్టుకోండి. తలుపు గంటకు చెమటలు పట్టడం తుపాకి కొన్నాక తగ్గిందా? ఉత్తరంలో మీరు ఆ మాట రాయలేదు. తగ్గకపోతే దానికి మందు 1,100 గ్రాముల పిస్టల్‌లో దొరకదు, ఒకసారి కౌన్సెలర్‌తో మాట్లాడండి. మావాళ్ళలో కాల్పుల్లో చిక్కుకుని వచ్చినవాళ్ళు ఎంతోమందిని చూశాను, ఎవరూ నోరు విప్పేవారు కాదు, రాత్రిళ్ళు నిద్రలో అరిచేవారు.

ఇల్లు మాత్రం ఏ దారి పట్టినా ఒకటే. బీరువా పైన చీరల మధ్య కాదు, మంచం కింద బూట్ల డబ్బాలో కాదు. నేలకో గోడకో బిగించిన సేఫ్, మీ ఇద్దరికే తెలిసిన నంబరు, తూటాలు వేరుగా. టెక్సాస్‌లో మీ అజాగ్రత్త వల్ల పదిహేడేళ్ళలోపు పిల్లల చేతికి నిండు తుపాకి చిక్కితే అదే నేరం, పేలకపోయినా.

ఇక ఆ 200 డాలర్లు. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఉక్కూ పాలిమరూ కాదని నా అనుమానం. మొదటిది కొన్నప్పుడు ఆర్నెల్లు బతిమాలి ఒప్పించారు. ఆవిడ ఒప్పుకున్నది పిస్టల్‌కి కాదు, మీరు ఏదీ దాచరన్న నమ్మకానికి. ఈ రాత్రే చెప్పండి. "అడ్వాన్స్ ఇచ్చాను, తప్పు చేశాను, నీతో మాట్లాడకుండా మిగతాది ఇవ్వను" అంటే చాలు. కోప్పడతారు. సేఫ్ తెరిస్తే రెండోది కంటపడి తెలియడం కంటే ఆ కోపం చిన్నది. ఆవిడ ఒక్క రోజు మీతో రేంజ్‌కి వచ్చి పెద్దాయన్ని కలిస్తే మాట తీరు మారొచ్చు, మారకపోవచ్చు కూడా. వద్దన్నారంటే 200 పోయినా వదిలేయండి.

ఆవిడ సరేనంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. ఇద్దరూ టెక్సాస్ వాసులుగా ఉన్నన్నాళ్ళు నేరుగా చేతులు మారొచ్చు. ఆయన ఫ్లోరిడా వాసి అయిపోయాక లైసెన్సున్న డీలర్ ద్వారానే రావాలి. నన్నడిగితే ఇప్పుడు కూడా డీలర్ దగ్గరికే ఇద్దరూ కలిసి వెళ్ళండి, కొద్దిపాటి ఫీజుతో మీ పేరు మీద కాగితం ఉంటుంది. రేపు సిటిజన్‌షిప్‌కి వెళ్ళే మనిషికి కాగితం ఉండటం మంచిది. అన్నట్టు, ఇండియాకి వచ్చేటప్పుడు రేంజ్‌కి వాడే బ్యాగులో బట్టలు సర్దుకుని రాకండి. జేబు మూల ఒక్క రౌండ్ మిగిలిపోయి శంషాబాద్‌లో స్కానర్‌కి చిక్కి, ఆయుధాల చట్టం కింద కేసులో ఇరుక్కున్నవాళ్ళు ఉన్నారు.

పెద్దాయన దగ్గరకు వెళ్ళినప్పుడు ఒక ప్రశ్న అడగండి. "రికాయిల్ స్ప్రింగ్ ఆఖరుసారి ఎప్పుడు మార్చారు?" అని. వెనక్కి పోయిన స్లైడ్‌ని మళ్ళీ ముందుకు తోసే స్ప్రింగ్ అది. ఆయన ఠక్కున ఏడాది చెప్పి, లోపలికెళ్ళి మార్చిన పాత స్ప్రింగ్ కూడా డబ్బాలోంచి తెచ్చి చూపిస్తే అది చేతులారా చూసుకున్న పిస్టల్, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కి ఒకసారి చూపించి నిశ్చింతగా తీసుకోవచ్చు. "స్ప్రింగ్ మార్చాలా?" అని ఆయనే మిమ్మల్ని అడిగితే, కాఫీ తాగి, అడ్వాన్స్ వెనక్కి అడిగి వచ్చేయండి.